తూమా, గండియా? – ఆటలోని బంగారం, మా చెరువుల లెక్క



ఈ సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు చంద్రగిరి వచ్చి, పండుగ మూడునాళ్లూ ఉండి, వెళుతూ వెళుతూ నా మీద ఒక ప్రశ్న వదలి వెళ్లాడు. దానికి జవాబు వెదకుతూ నేను మా అవ్వ ఆడించిన వామనగుంటల వద్ద బయలుదేరి, పాశ్చాత్యుల కంప్యూటర్ ఆటల చరిత్ర కొంత తిరిగి, చివరకు మా తిరుమల శాసనాల వద్దకే మళ్లీ చేరుకున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రదికిన వానికి ఈ విషయంతో పనేమిటని మీరు అడుగవచ్చు. చదివిన పిదప మీరే చెప్పండి.

మా మేనల్లుడు బెంగుళూరులో ఒక చిన్న సంస్థలో ఆన్‌లైన్ ఆటలు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాడు. బంధువులలో కొందరు "వాడు జూదం కంపెనీలో చేరినాడు" అని చాటుగా అంటూంటారు. అది సరికాదు. డబ్బు పందెం కాసి ఆడే ఆన్‌లైన్ పేకాటలు వేరు. వాటిని మన రాష్ట్ర ప్రభుత్వం 2020లో నిషేధించింది, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. వీడి పని పాత్రధారణ క్రీడ, అనగా రోల్‌ప్లేయింగ్ గేమ్. ఆడేవాడు ఒక వేషం తాల్చి ఒక కల్పిత లోకంలో ప్రవేశిస్తాడు. యోధుడో, వైద్యుడో, కమ్మరియో అవుతాడు. అడవిలో రాక్షసులను సంహరిస్తే కొన్ని బంగారు కాసులు దొరుకుతాయి. వాటితో కత్తి, కవచం, గుర్రం, ఇల్లు కొనుక్కుంటాడు. వేలమంది ఒకే లోకంలో ఒకే సమయంలో ఆడుతూంటారు కనుక అక్కడొక ఊరు, ఊరికొక సంత, సంతలో బేరసారాలు వాటంతట అవే ఏర్పడతాయి.

వాడి కష్టం ఇది. "మామా, మా ఆటలో బంగారం జాస్తి అయిపోయింది. మొదట్లో పది కాసులకు వచ్చిన కత్తి ఇప్పుడు రెండు వేలు పలుకుతోంది. కొత్తగా వచ్చినవాడు పొద్దస్తమానం కష్టపడినా చెప్పుల జత కొనలేడు. రెండు దినాలు చూసి వెళ్లిపోతాడు. మా పైవాళ్లు ఒక రాత్రి అందరి మూటల్లోనుంచి సగం తీసేద్దామంటున్నారు. నాకు మనసొప్పలేదు. నువ్వు చరిత్ర చదివినోడివి గదా, ఏం చేయమంటావు?"

మనసెందుకు ఒప్పలేదని అడిగాను. ఆ ఆట ఆడేవారిలో ఒకాయన ఏదో ఆసుపత్రిలో రాత్రి కాపలా ఉద్యోగి అట. ఆరు నెలలుగా ఒక్కొక్క కాసే కూడబెట్టి, ఆటలో ఏటి గట్టున ఒక ఇల్లు కొనుక్కోవాలని చూస్తున్నాడట. ఇల్లు అంగుళం కూడా దగ్గరకు రాలేదు; ధర వాడికన్న వేగంగా పరుగెత్తింది. ఇప్పుడు ఉన్నదానిలో సగం తీసివేస్తే వాడికి ఏమి సమాధానం చెప్పాలన్నది మా వాడి బాధ.

కల్పితమైన బంగారమే కావచ్చు. ఆరు నెలల రాత్రులు కల్పితం కావు గదా! అందుకే నేను ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేకపోయాను.

పులిజూదం చెప్పిన మొదటి పాఠం

ఆటలో సమతూకం అనేది కంప్యూటర్ వచ్చిన తరువాత పుట్టిన చింత కాదు. మన పాత మండపాల రాతినేలల మీద చెక్కిన పటాలు చూసినవారికి ఈ సంగతి తెలుసు. హంపీలో బండల మీద ఇటువంటివి అనేకం కనబడతాయి. వాటిలో పులిజూదం ఒకటి. (జూదం అనే మాట ద్యూతమునకు వికృతి. పేరులో జూదమున్నా ఇందులో పందెమూ లేదు, పాచికా లేదు.) మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దానిని చంపుతుంది. మేక దేనినీ చంపలేదు. అయినా మేకలు గుమిగూడి పులికి కదలను చోటు లేకుండా చేస్తే పులి ఓడిపోతుంది.

ఇక్కడ ఇరుపక్షాల బలాలు ఏ విధంగానూ సమానం కావు. సమానమైనది ఒక్కటే, గెలుపు మీద ఆశ. నాలుగవ పులిని పెట్టి చూడండి, మేకల పక్షాన ఎవరూ కూర్చోరు. మూడింటిలో ఒకటి తీసివేయండి, పులుల పక్షాన ఎవరూ కూర్చోరు. ఆ మూడు, పదిహేను అనే సంఖ్యలు ఎవరు నిర్ణయించారో గాని, ఎన్నో తరాలు అరుగుల మీద ఆడి ఆడి తేల్చిన లెక్క అది.

మా మేనల్లుడి ఆటలో పులులూ మేకలూ సరిగానే ఉన్నాయట. రాక్షసుని బలం, యోధుని బలం చక్కగా తూచి పెట్టారు. కాని బంగారం దగ్గర తూకం తప్పింది. బంగారం ఉన్నవాడు గొప్ప కత్తి కొంటాడు, ఆ కత్తితో ఇంకా ఎక్కువ రాక్షసులను చంపుతాడు, ఇంకా బంగారం తెస్తాడు. సంతలో తూకం తప్పితే ఆటలో తూకం కూడా తప్పుతుంది. అందుచేత ఇక పులిజూదాన్ని వదలి, లెక్కల ఆట అయిన వామనగుంటల వద్దకు వెళ్లాలి.

డెబ్బై చింతపిక్కలు

వామనగుంటల చెక్కకు రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. మా ఇంట్లో గుంటకు ఐదు చొప్పున డెబ్బై చింతపిక్కలు పోసి ఆడేవాళ్లం. ఒక గుంటలోనివి తీసి ముందుకు ఒక్కొక్కటే వదలుతూ పోవాలి. ఖాళీ గుంట వచ్చినప్పుడు దాని ప్రక్క గుంటలోనివి మనవి. ఒక ఆట ముగిశాక ఓడినవారు తమకు మిగిలిన పిక్కలతో నింపగలిగినన్ని గుంటలే నింపుకోవాలి. మిగిలినవి మూతబడతాయి. గుంటలు తగ్గినవానికి అవకాశాలు తగ్గుతాయి. అవకాశాలు తగ్గినవానికి మరుసటి ఆటలో పిక్కలు ఇంకా తగ్గుతాయి.

ఇందులో చూడవలసింది ఒకటుంది. పిక్క పుట్టదు, పిక్క చావదు. మొదట డెబ్బై, చివరకూ డెబ్బై. చేతులు మారుతాయి, అంతే. కనుక ఇక్కడ ధరలు పెరగడమనే రోగం రాదు. వచ్చే రోగం వేరు: అన్నీ ఒకరి ఒడిలో చేరి ఆట ఆగిపోవడం. మా అవ్వ ఈ రోగానికి ఒక మందు వేసేది. ఓడిపోయే పిల్లవానికి పది పిక్కలు అప్పు పెట్టి, "ఆట నిలిస్తే గెలిచినదానికి విలువేముందిరా?" అనేది. అర్థశాస్త్రం ఆమె చదువలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో చాలా ఉన్నదనిపిస్తుంది.

వామనగుంటల పద్ధతిని, అనగా ఏదీ పుట్టక ఏదీ చావక ఒకే రాశి తిరుగుతూ ఉండే పద్ధతిని, ఆన్‌లైన్ ఆటలలో కూడ ఒకరు ప్రయత్నించారు. 1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్' అనే ఆటను రిచర్డ్ గారియట్, రాఫ్ కోస్టర్ మొదలైనవారు రూపొందించారు. ఆ లోకంలో ముడిసరుకు రాశి ఇంత అని ముందే నిర్ణయించారు. గనిలో ఇనుము తీసి కత్తి చేస్తే రాశిలో అంత తగ్గుతుంది. కత్తి అరిగి నశిస్తే ఆ ఇనుము మళ్లీ రాశిలో కలుస్తుంది. కాగితం మీద ఎంతో అందమైన ఏర్పాటు.

మనుషులు ఏమి చేశారు? వస్తువులను వాడి అరగదీయలేదు, దాచుకున్నారు. చొక్కాలు, కత్తులు, తోళ్లు పెట్టెల నిండా, ఇళ్ల నిండా పోగు చేశారు. రాశికి తిరిగి రావలసినది రాలేదు. రాశి ఎండితే కొత్త సరుకు పుట్టే దారి లేదు. అడవిలో పుట్టిన జంతువును పుట్టినచోటనే ఎవరో ఒకరు చంపి తోలు తీసుకున్నారు. పిక్కలు చెరగులో కట్టుకొని ఇంటికి పరుగెత్తిన పిల్లవాడు ఒకడుంటే వామనగుంటల ఆట ఏమవుతుందో, ఆ లోకమూ అదే అయింది. నిర్మాతలు ఆ పద్ధతిని విడిచిపెట్టి, సరుకు పుడుతూ నశిస్తూ ఉండే మరొక పద్ధతికి మారవలసి వచ్చింది. తరువాతి ఆటలన్నీ దాదాపు ఆ బాటనే పట్టాయి.

వంక, తూము, మరవ, గండి

ఆ రెండవ పద్ధతిని ఆంగ్లంలో కొళాయి, కాలువ అన్న పోలికతో చెబుతారు. మా జిల్లా వారికి అంతకన్న మంచి పోలిక ఇంటి ముందే ఉంది. అది చెరువు.

చెరువులోకి వంకల నుండి నీరు వస్తుంది. రాక్షసుడు చచ్చినప్పుడల్లా శూన్యంలో నుండి పుట్టే కాసులే ఆ వంక నీరు. తూము తీస్తే నీరు పొలాలకు పోతుంది. చెరువు నిండి మిగిలిన నీరు మరవ మీదుగా దిగువ చెరువుకు పోతుంది. ఈ రెంటికీ మనుషులు కట్టిన దారి ఉంది. మూడవది గండి. అది ఎవరూ కట్టినది కాదు. కట్ట తెగితే పడేది. 2021 నవంబరు వరదలలో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకు పడినప్పుడు దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించిన సంగతి మీకు జ్ఞాపకం ఉండవచ్చు. అదృష్టవశాత్తు కట్ట నిలిచింది. ఆ రోజులలో చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ కంటికి కునుకు లేదు.

తూము నుండి పోయినా, గండి నుండి పోయినా చెరువులో నీరు తగ్గుతుంది. లెక్క వ్రాసేవానికి రెండూ ఒకటే. పొలం ఉన్నవానికి రెండూ ఒకటి కావు. నా మేనల్లుని ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని నాకు తోచింది. తక్కిన వ్యాసమంతా దానికి సాక్ష్యమే.

మొదటి సాక్ష్యం అల్టిమా కన్న పదకొండేళ్లు పాతది. 1986లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ వారు 'హాబిటాట్' అనే ఆన్‌లైన్ లోకాన్ని కమొడోర్ 64 కంప్యూటర్ల మీద నడిపి చూశారు. నిర్మాతలు చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్. అందులో వస్తువులమ్మే యంత్రాలూ, కొనే యంత్రాలూ ఉండేవి. ఒకచోట 75 టోకెన్లకు అమ్మే బొమ్మను మరొకచోట యంత్రం 100 టోకెన్లకు కొంటున్నది. 18,000కు దొరికే స్ఫటికగోళాన్ని 30,000కు కొంటున్నది. ధర వేయడంలో పొరపాటు. దీనిని కనిపెట్టిన కొందరు రాత్రంతా అటూ ఇటూ తిరిగి, తెల్లవారేసరికి లక్షల టోకెన్లకు అధిపతులైనారు. ఆ లోకంలోని మొత్తం డబ్బు ఒక్క రాత్రిలో ఐదు రెట్లయింది!

నిర్మాతలు ధరలు సరిదిద్దారు. ఆ కొత్త ధనికులు ఆ సొమ్ముతో ఏమి చేశారన్నది నాకు అంతకన్న ముఖ్యం. వారు తమంతట తామే నిధివేట పోటీలు ఏర్పాటు చేసి, బహుమతులుగా ఆ డబ్బును పంచారు. లోకమంతా సరదాగా ఆడుకున్నది. వంకలో వరద వచ్చినా, ఎవరో తూము తీశారు.

బంగారం ఆట దాటి వచ్చినప్పుడు

అన్నిచోట్లా ఇంత మంచి ముగింపు లేదు. 1999లో 'ఎవర్‌క్వెస్ట్' అనే ఆట వచ్చింది. దానిలోని కల్పితలోకం పేరు నోరాథ్. ఆ లోకపు నాణేలను, ఆయుధాలను జనం అసలు డాలర్లకు వేలంపాటలలో అమ్ముకోసాగారు. 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రనోవా అనే ఆర్థికవేత్త ఆ ధరలను బట్టి లెక్కగట్టి, నోరాథ్ తలసరి ఉత్పత్తి 2,266 డాలర్లనీ, అది రష్యాకు బల్గేరియాకు నడుమ నిలుస్తుందనీ తేల్చాడు. లేని దేశం ఉన్న దేశాల పట్టికలో చేరింది. ఆర్థికవేత్తలు ఆటలను లక్ష్యపెట్టడం అప్పటి నుండే పెరిగింది.

ఆ పట్టికకు మరొక ముఖమూ ఉన్నది. చైనాలో నాన్‌జింగ్ నగరపు ఒక కార్ఖానాలో యువకులు రాత్రికి పన్నెండు గంటలు 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆడి, రాక్షసులను చంపి, బంగారం కూడబెట్టేవారని జూలియన్ డిబెల్ అనే రచయిత 2007లో వ్రాశాడు. నూరు కాసులు తెచ్చినవానికి ముట్టేది డాలరుంపావు. యజమాని దానిని మూడు డాలర్లకు పైబడి అమ్ముతాడు. చివరకు కొనే అమెరికా ఆటగాడు ఇరవై డాలర్ల దాకా ఇస్తాడు. ఆటగాళ్లు ఈ కూలీలను దూషించేవారు, వేటాడేవారు కూడ. రాయలసీమలో పుట్టిన నాకు ఆ వరుస కొత్తగా తోచలేదు. టమోటా పండించినవానికి ఎంత, తిన్నవాడు పెట్టినదెంత అని మదనపల్లె రైతునడిగితే ఇదే లెక్క చెబుతాడు.

ఈ వ్యాపారాన్ని అరికట్టడానికి 'రూన్‌స్కేప్' అనే ఆట వారు 2008 జనవరిలో ఒక కఠిన నిర్ణయం తీసుకున్నారు. ఆటగాళ్లు పరస్పరం స్వేచ్ఛగా ఇచ్చిపుచ్చుకోవడాన్ని నిలిపివేశారు. దొంగతో పాటు దొరకూ సంత మూతబడింది. స్నేహితునికి ఒక కత్తి బహుమతిగా ఇవ్వడానికీ ఆంక్షే. మూడేళ్లు గడచి, ఆటగాళ్ల ఓటు తీసుకొని, 2011 ఫిబ్రవరిలో పాత పద్ధతిని పునరుద్ధరించారు. గండి పడుతుందన్న భయంతో తూము కూడ పూడ్చివేస్తే క్రింది పొలం ఎండుతుంది.

దీనికి ఎదురు తప్పు 'డయాబ్లో 3' వారు చేశారు. 2012లో వారే ఆటలో వేలంశాల తెరచి, అసలు డబ్బుకు ఆయుధాలు అమ్ముకోనిచ్చారు. రాక్షసుని చంపి మంచి ఆయుధం సంపాదించడమే ఆ ఆటకు ప్రాణం. ఆయుధం అంగడిలో దొరుకుతూంటే రాక్షసుని జోలికి పోయేదెవరు? తప్పు గ్రహించి 2014 మార్చిలో వేలంశాల మూసివేశారు.

శ్రీభండారం

ఇంతవరకు చదివి నేను పుస్తకం మూసి, మా మిద్దె మీదకు వెళ్లి కూర్చున్నాను. అక్కడి నుండి చంద్రగిరి కోట కొండ కనబడుతుంది. విజయనగర సింహాసనం ఎక్కకముందు సాళువ నరసింహుడు ఏలినది ఈ కోటనే. తళ్లికోట యుద్ధం తరువాత అరవీటివారు పెనుగొండకూ, పిదప ఇక్కడికీ రాజధానిని మార్చారు. తూర్పున పది పన్నెండు కిలోమీటర్లలో తిరుపతి. ఈ రాజులందరి బంగారమూ ఆ కొండ ఎక్కింది. కృష్ణదేవరాయలు 1513 నుండి 1521 లోపల ఏడుసార్లు తిరుమల వచ్చాడు. 1514లో 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేయించాడు.

మేనల్లుని మాటల్లో చెప్పాలంటే ఇది బంగారం చేతులు వీడే చోటు. వీడి అక్కడే నిలిచిపోయిందా? ఈ ప్రశ్నకు దేవస్థానం వారి శాసనాలు జవాబిస్తాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మొదలైన పండితుల శ్రమ వలన తిరుమల తిరుపతి శాసనాలు వెయ్యికి పైగా సంపుటాలలో అచ్చయినాయి. ఎక్కువ భాగం అరవంలో ఉన్నాయి. వీటిని ఆధారం చేసుకొని బర్టన్ స్టైన్ అనే చరిత్రకారుడు 1960లో ఆలయపు ఆర్థిక వ్యవస్థ మీద వ్యాసం ప్రకటించాడు.

శాసనాలలో మరల మరల కనిపించే ఏర్పాటు ఇది. దాత కొంత ధనాన్ని శ్రీభండారంలో, అనగా స్వామివారి ఖజానాలో చెల్లిస్తాడు. ఆలయ నిర్వాహకులైన స్థానత్తార్లు ఆ ధనాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయరు. ఆలయానికి చెందిన గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించడానికి వెచ్చిస్తారు. నీరు వచ్చి పంట పెరుగుతుంది. పెరిగిన పంటలో నుండి దాత పేర నిత్యం నైవేద్యం జరుగుతుంది. నివేదించిన ప్రసాదంలో సాధారణంగా నాల్గవ భాగం దాతది. దానిని 'విట్టవన్ విళుక్కాడు' అన్నారు. ఆ భాగాన్ని దాత తాను తినవచ్చు, ఒక మఠానికి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు కూడ. ఈ ఏర్పాటు ఆచంద్రార్కం సాగాలని రాతి మీద చెక్కిస్తారు.

ఎంత చక్కని అల్లిక! దాతకు పుణ్యమూ, పేరూ, ప్రసాదంలో వాటా. మట్టి తవ్వినవానికి కూలి. రైతుకు నీరు. యాత్రికునికి అన్నం. రాజులు మాత్రమే కాదు. అధికారులు, ఆచార్యులు, వర్తకులు, ఆలయ సేవకులు కూడ ఈ దాతల పట్టికలో ఉన్నారు.

ఇక్కడ ఆర్థికశాస్త్రపు సూక్ష్మం ఒకటుంది. నాణెం నశించలేదు. కూలివాని చేతిలోకి వెళ్లి మళ్లీ సంతకు వచ్చింది. అయితే నాణేలతో పాటు ధాన్యమూ పెరిగింది. డబ్బు వరదకు మందు డబ్బును తగ్గించడం ఒక్కటే కాదు, డబ్బుకు దొరికే మేలును పెంచడం రెండవది. ఆ రెండవ మందును మా పూర్వులు ఐదువందల ఏళ్ల క్రిందట రాతి మీద వ్రాసి పెట్టారు.

గండి కూడ ఇదే కొండ కథలో ఉన్నది. ఆర్కాటు నవాబుల కాలంలో ఆలయాదాయం పాలకుల రాబడి అయింది. నవాబు ఆ రాబడినే ఈస్టిండియా కంపెనీకి తన బాకీల క్రింద వ్రాసి ఇచ్చాడు. 1801లో ఆర్కాటు రాజ్యంతో పాటు ఆలయమూ కంపెనీ చేతికి వచ్చింది. 1843లో హథీరాంజీ మఠపు మహంతులకు అప్పగించేదాకా వారిదే అజమాయిషీ. భక్తుడు వేసిన కాసు మారలేదు, వేసిన చేయీ మారలేదు. కాని అది చేరిన చోటు మారింది. ఒకప్పుడు చెరువైన సొమ్ము తరువాత సైన్యపు ఖర్చుల లెక్కలలో కలిసింది. లెక్క వ్రాసేవానికి రెండూ 'వ్యయమే'.

విజయనగర కాలాన్ని స్వర్ణయుగమని పొగడడానికి నేనీ మాట వ్రాయలేదు. పన్నుల భారాన్ని మోసిన రైతు కథ ఏ శాసనమూ అంత శ్రద్ధగా చెప్పదు. దానం చేయగలిగినవాడే రాతికెక్కాడు. ఆ లోపాన్ని ఒప్పుకుంటూనే, ధనం పోయే దారిని తూముగా మలచిన తెలివిని మాత్రం గుర్తించాలంటాను.

నీరుగంటి ఉండాలి

మా ప్రాంతంలో చెరువుకు నీరుగంటి ఉంటాడు. ఏ తూము ఎంత తీయాలి, ఏ మడికి ఎంతసేపు అన్నది వాని పని. ఊరంతా వానిని నమ్మాలి; కనుక వాడు రాత్రిపూట దొంగచాటుగా తూము తీయడు.

ఆన్‌లైన్ ఆటలలో ఈ ఉద్యోగాన్ని బాహాటంగా సృష్టించినది ఐస్‌లాండ్ దేశపు 'ఈవ్ ఆన్‌లైన్'. 2003లో మొదలైన ఆ ఆటకు 2007లో ఎయోల్ఫుర్ గుడ్ముండ్సన్ అనే ఆర్థికవేత్తను నియమించుకున్నారు. ఎంత డబ్బు పుట్టింది, ఎంత పోయింది, సంతలో ధరలెట్లున్నాయి అని లెక్కలు ఆటగాళ్లకే ప్రకటించారు. ఆ ఆటలో ఓడ పగిలితే పగిలినట్లే, తిరిగి రాదు. 2014 జనవరిలో జరిగిన ఒక మహాయుద్ధంలో అతి పెద్ద ఓడలు 75 నాశనమైనాయి. అసలు డబ్బులో ఆ నష్టం మూడు లక్షల డాలర్లకు పైబడిందని అంచనా. పోయినవారు ఏడ్చారు గాని ఆట విడిచిపోలేదు. అది తామెరిగిన నియమం ప్రకారం, తాము ఎంచుకొని చేసిన యుద్ధంలో జరిగిన నష్టం. పైగా పోయిన ఓడల స్థానంలో కొత్తవి కావాలంటే గని తవ్వేవానికీ, ఓడ కట్టేవానికీ పని దొరుకుతుంది.

వార్‌క్రాఫ్ట్ వారు 2006 జనవరిలో ఇంకొక త్రోవ తొక్కారు. ఒక పురాతన నగరపు ద్వారం తెరవాలంటే ఆ లోకవాసులందరూ కలిసి లోహం, తోలు, ఆహారం, గాయాలకు కట్లు రాశులుగా సమర్పించాలని పెట్టారు. కొత్తవాడు తెచ్చిన చిన్న కట్టు గుడ్డ కూడ ఆ రాశిలో లెక్కకు వచ్చింది. సరుకు లోకం నుండి మాయమైంది, కాని పోగొట్టుకున్నామని ఎవరూ అనుకోలేదు. ఇచ్చామనుకున్నారు.

వాడికి నేను వ్రాసిన ఉత్తరం

ఇంత చదివి మా మేనల్లుడికి ఒక పేజీ ఉత్తరం వ్రాశాను. సారాంశం ఇది.

"నాయనా, ఒక రాత్రి అందరి మూటల్లో సగం తీయవద్దు. అది గండి. 2016 నవంబరులో బ్యాంకుల ముందు వరుసలలో నిలబడినవాళ్లం మేము; రాత్రికి రాత్రి చేతిలోని కాగితం మారిపోతే మనిషికి ఏమనిపిస్తుందో మాకు తెలుసు. లెక్క సరిపోవచ్చును, నమ్మకం తిరిగి రాదు. నమ్మకం పోయినవాడు మళ్లీ కూడబెట్టడు. కూడబెట్టనివాడు నీ ఆట ఆడడు.

ముందు వంకను చూడు. రాక్షసుడు ఇచ్చే కాసులు ఎక్కువైతే ఇకముందు తగ్గించు. ఆ సంగతి ముందుగా అందరికీ చెప్పు. తరువాత తూములు కట్టు. ఊరికొక వంతెన, ఒక చెరువు, ఒక సత్రం కట్టించే అవకాశం పెట్టు. ఎవరికి తోచినంత వారు ఇవ్వాలి. ఇచ్చినవారి పేరు రాతి మీద ఉండాలి, కొంచెం ఇచ్చినవానిది కూడ. సత్రంలో కొత్తవానికి మొదటి కత్తి, మొదటి చెప్పుల జత ఉచితంగా దొరకాలి. దాతకు కూడ విళుక్కాడు వంటి ఒక వాటా ఉండాలి. ఆ విధంగా బంగారం లోకాన్ని విడిచిపోతుంది, కొత్తవాడు లోకంలో నిలుస్తాడు. నెలకొకసారి చెరువు మట్టం ఎంతో అందరికీ చెప్పు. నీవు నీరుగంటివి, దొంగవు కావు."

పది రోజులకు ఫోన్ చేశాడు. సగం కోత ఆలోచన ప్రస్తుతానికి వాయిదా వేశారట. ఏటి మీద ఒక వంతెన పనికి విరాళాలు తెరిచారు. ధరలు ఇంకా దిగలేదు. అవి అంత త్వరగా దిగవని నేనూ అన్నాను. మరి ఆ కాపలా ఉద్యోగి సంగతేమిటని అడిగాను. వంతెనకు ఐదు కాసులు ఇచ్చాడట.

"ఇల్లు కొనుక్కోవాల్సినోడు వంతెనకు ఇచ్చాడేం మామా?" అన్నాడు మా వాడు.

"వంతెన వస్తే వాడి ఇంటికి దారి ఉంటుంది గదరా," అన్నాను.

ఆ సాయంత్రం అటక మీద నుండి మా అవ్వ వామనగుంటల చెక్క దింపి తుడిచాను. పిక్కలు లెక్కపెడితే అరవై ఎనిమిదే ఉన్నాయి. రెండు పిక్కలు ఏ తరంలో ఎవరి చెరగులో పోయాయో!

మిత్రులకు ఒక మనవి. మేము మరవ అనేదాన్ని చాలా చోట్ల అలుగు అంటారు. మీ ప్రాంతంలో ఏమంటారో, వామనగుంటలలో ఓడినవానికి అప్పు పెట్టే ఆచారం మీ ఇళ్లలోనూ ఉండేదో లేదో వ్రాయగలరు. అటువంటి మాటలూ, ఆచారాలూ చెప్పేవారు ఉండగానే వ్రాసి పెట్టుకోవడం మంచిది.

సెలవు.